ఇసుకా, మడా? విజయవాడ, గుంటూరు నుంచి ఏ సముద్రానికి వెళ్లాలి?

విజయవాడ, గుంటూరు వాళ్లకు సముద్రం రెండు మూడు గంటల ప్రయాణం. దగ్గరే కదా అని పెద్దగా ఆలోచించకుండా బయల్దేరతారు. తీరా వెళ్లాక చిక్కు తెలుస్తుంది. పిల్లలకు స్నానం చేయిద్దామని వెళ్లిన చోట కాలు పెడితే నల్లటి బురద. అడవి చూద్దామని వెళ్లిన చోట ఇసుకా, దాని వెనక వరసలు తీర్చి నాటిన సరుగుడు తోటా. ఊరి పేరు చూసుకుని వెళ్తే ఇలాగే అవుతుంది. ముందు నేలను చూసుకోవాలి.

నేల సంగతి ఇదీ. కృష్ణ తెచ్చే ఒండ్రు సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, అలల తాకిడి తక్కువున్న చోట పేరుకుంటుంది. మడ చెట్టు వేరూనేది ఆ మెత్తటి బురదలోనే. ఏటి మొగకు దూరంగా, అలలు నేరుగా వచ్చి కొట్టే చోట సన్నటి మన్ను నిలవదు, బరువైన ఇసుకే మిగులుతుంది. అందుకే మడ బాగా ఉన్నచోట స్నానానికి నీళ్లు బాగుండవు, స్నానానికి బాగున్నచోట మడ ఉండదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. రెండూ ఒకేచోట దాదాపు చేతికందేది దివిసీమ కొసన, హంసలదీవి దగ్గర. దానికి తగ్గ శ్రమా అక్కడ ఉంది.

సరుగుడు గురించి ఇక్కడే చెప్పాలి. మన తీరమంతా కనిపించే ఆ సన్నాకు చెట్లు ఇక్కడ పుట్టినవి కావు. గాలిని అడ్డుకోవడానికీ, కలపకీ మనుషులు నాటినవి. నీడ బాగుంటుంది, కింద చాప పరుచుకుని అన్నం తినడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ ఈ తీరం సొంత అడవి మాత్రం మడే.

ముందు స్నానం కోసం వెళ్లేవాళ్ల సంగతి.

సూర్యలంక బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్లకు 50 కిలోమీటర్లు, విజయవాడ నుంచి తెనాలి మీదుగా 80 దాకా. లేత రంగు ఇసుక, వెడల్పైన తీరం, పర్యాటక శాఖ హరిత రిసార్టు, బట్టలు మార్చుకునే వసతి. కారు లేనివాళ్లకు ఇదే అన్నిటికన్నా సులువు. చెన్నై వైపు పోయే రైళ్లలో చాలా వాటికి బాపట్లలో ఆగుడుంది, స్టేషన్ దగ్గర ఆటో ఎక్కితే నేరుగా ఒడ్డుకే. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న కుటుంబానికి మా మొదటి సలహా ఇదే. ఇక్కడి ఇబ్బంది జనం. కార్తీకమాసం ఆదివారాల్లో, కొత్త సంవత్సరం నాడు ఒడ్డు కనిపించదు. అదే ఒడ్డు మంగళవారమో బుధవారమో పొద్దున ఏడింటికి చూస్తే వేరే ఊరనిపిస్తుంది.

వాడరేవు, రామాపురం చీరాల పక్కన. బాపట్ల నుంచి చీరాలకు 15 కిలోమీటర్లు, అక్కడి నుంచి వాడరేవుకు మరో ఏడు. వాడరేవు మత్స్యకారుల ఊరు. లైట్‌హౌస్ ఉంది, ఒడ్డున పడవలు, వలలు, వేట ముగించుకుని వచ్చే పడవల దగ్గర చేపల బేరం. పక్కనే రామాపురం వైపు ప్రైవేటు రిసార్టులు వరసగా ఉన్నాయి. రాత్రి ఉండాలనుకునే స్నేహితుల బృందానికి సూర్యలంకకన్నా ఇటే నయం. చీరాల దాకా వెళ్లాం కదా అని నేత చీరలు చూడాలనుకునేవాళ్లు ఆ పని పొద్దునే ముగించుకోవడం మంచిది. ఉప్పునీళ్లలో తడిసి, ఇసుక కాళ్లతో కొట్టుకు వెళ్తే మీకూ చిరాకే, కొట్టువాళ్లకూ చిరాకే.

మంగినపూడి మచిలీపట్నం నుంచి సుమారు 11 కిలోమీటర్లు. విజయవాడ నుంచి బందరు రోడ్డు 65వ జాతీయ రహదారి కాబట్టి ప్రయాణంలో అలుపు ఉండదు. ఇక్కడ ఇసుక తక్కువ, నల్లమన్ను ఎక్కువ. నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. దూరం దాకా లోతు తక్కువ కాబట్టి ఈత రానివాళ్లు కాళ్లు తడుపుకోవడానికి బాగానే ఉంటుంది, తెల్లబట్టలు మాత్రం ఇంటికి తెల్లగా రావు. నీలి సముద్రం ఫొటోలు ఊహించుకుని వెళ్తే నిరాశే. చిలకలపూడి పాండురంగడి దర్శనం, బందరు కోటలో డచ్చివాళ్ల కాలపు శిథిలాలు, బందరు లడ్డూ, వీటితో కలిపి ఒక పూట బందరు అనుకుని వెళ్తే ఆ రోజు నిండుగా గడుస్తుంది. ఒక్క బీచ్ కోసమే అయితే విజయవాడ వాళ్లయినా సూర్యలంకకు వెళ్లడమే మేలు.

నిజాంపట్నం స్నానానికి కాదు. అది చేపల రేవు. రేపల్లె నుంచి సుమారు 20 కిలోమీటర్లు. 1611లో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ ఓడ వచ్చి ఆగిన రేవుల్లో ఇదొకటి, అప్పటి విదేశీయుల రాతల్లో దీని పేరు పెటపోలి. ఇప్పుడు చూడాల్సింది పొద్దున్నే రేవు కదలిక. ఐసు పెట్టెలు, తట్టలు, రొయ్యల వర్గీకరణ. అడవులదీవి వైపు మడ కనిపిస్తుంది. ఆ ఊరి పేరులోనే అడవీ ఉంది, దీవీ ఉంది. పర్యాటకులకని పెద్దగా ఏర్పాట్లు లేవు. గుంటూరు వైపు నుంచి దివిసీమకు వెళ్తూ రెండు గంటలు ఆగడానికి సరిపోతుంది, దీనికోసమే ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు.

ఇక దివిసీమ. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, ఎక్కువ ఫలమూ ఇక్కడే.

పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలే దివిసీమ. దివి అంటేనే దీవి. కిందికి పోయేకొద్దీ నేల సన్నబడి, నాలుకల్లా సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. ఒక పక్క ఏరు, ఒక పక్క ఉప్పునీరు, మధ్యలో మడ. ఈ మడలో, గుంటూరు వైపు తీరంలోని మడలో కలిపి 194.81 చదరపు కిలోమీటర్లు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. బావురు పిల్లి బతికే చోటు ఇది. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి. పగటిపూట అది మీకు కనిపిస్తుందని ఎవరన్నా మాటిస్తే నమ్మవద్దు. అది రాత్రి తిరిగే జంతువు. బురద మీద దాని అడుగు కనిపించినా అదృష్టమే. నీటికుక్కలు, నక్కలు ఉన్నాయి. చలికాలంలో వలస పక్షులు గుంపులుగా దిగుతాయి.

దివిసీమలో మళ్లీ రెండు దారులు. ఒకటి హంసలదీవి, ఇంకోటి నాగాయలంక. ఒకే రోజు రెండూ పెట్టుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు.

హంసలదీవికి విజయవాడ నుంచి పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా దాదాపు 110 కిలోమీటర్లు. గుంటూరు నుంచి తెనాలి, భట్టిప్రోలు, రేపల్లె దాటి పెనుమూడి–పులిగడ్డ వారధి మీదుగా అంతే దూరం వస్తుంది. ఆ వారధి లేని రోజుల్లో గుంటూరు వాళ్లు విజయవాడ చుట్టి రావాల్సి వచ్చేది, లేదా రేవు దాటాల్సి వచ్చేది. ఇప్పుడు రెండు ఊళ్లకీ దివిసీమ సమదూరమే. బస్సులో వచ్చేవాళ్లు అవనిగడ్డలో దిగి కోడూరు బస్సో ఆటోనో పట్టుకోవాలి. తిరుగు ప్రయాణానికి ఆటో దొరుకుతుందిలే అనుకోవద్దు. వెళ్లిన ఆటోనే ఉంచుకోవాలి, వెయిటింగుతో కలిపి ముందే మాట్లాడుకోవాలి.

ఊళ్లో వేణుగోపాలస్వామి గుడి. అక్కడి నుంచి పాలకాయతిప్ప మీదుగా సాగరసంగమం మరో ఐదారు కిలోమీటర్లు. చాలామంది గుడి దగ్గరే సముద్రం ఉంటుందనుకుని మధ్యాహ్నం మూడింటికి చేరుకుంటారు. దర్శనం, భోజనం అయ్యేసరికి నాలుగున్నర. చలికాలంలో ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. అటవీ ప్రాంతం కాబట్టి చీకటి పడేలోగా వెనక్కి పంపించేస్తారు. సంగమం దాకా వెళ్లీ పది నిమిషాలు నిలబడకుండా వెనుతిరగడం ఇందువల్లే. పొద్దున పదికల్లా గుడి దగ్గర ఉండేట్టు ఐదున్నర, ఆరింటికి ఇల్లు వదలాలి. ముందు సంగమం, తర్వాత గుడి. ఆలయం మధ్యాహ్నం మూస్తారు కాబట్టి ఆ వేళలు మాత్రం బయల్దేరే ముందు అడిగి తెలుసుకోవాలి.

సంగమం దగ్గర స్నానం పుణ్యస్నానంగానే ఉండాలి. కాకి మునిగి హంసగా లేచిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి వేలమంది మునుగుతారు, అప్పుడు గజఈతగాళ్లూ పోలీసులూ ఉంటారు. మామూలు రోజున ఎవరూ ఉండరు. ఏటి నీరూ సముద్రపు నీరూ కొట్టుకునే చోట అడుగున ఇసుక ఎప్పటికప్పుడు కదిలిపోతుంది. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మనిషి లోతు ఉండొచ్చు. చీలమండ దాకా దిగి, చెంబుతో పోసుకుంటే చాలు. నడవాలంటే సముద్రం వైపు ఇసుక మీద నడవండి, ఏటి వైపు మెరిసే చదును మీద కాదు. ఆ మెరుపు బురదది.

వాహనం గురించి జాగ్రత్త. చివరి దారి ఇసుకా, నల్లరేగడీ కలిసిన నేల. వాన పడ్డాక మూడు నాలుగు రోజులు రేగడి మైనంలా అంటుకుంటుంది, ద్విచక్రవాహనం మడ్‌గార్డులో బురద బిగిసి చక్రమే తిరగదు. కారు ఇసుకలో దిగబడితే చాలామంది యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కుతారు. చక్రం అక్కడే తిరిగి గొయ్యి తవ్వుకుని, కారు పొట్ట ఇసుకకు ఆనుతుంది. అప్పుడిక ట్రాక్టరే గతి. దిగబడిందని తెలియగానే ఆపాలి. నాలుగు టైర్లలోనూ గాలి సగానికి దగ్గరగా తగ్గించాలి. చక్రాల ముందు ఇసుక చేత్తో తోడి, సరుగుడు కొమ్మలో, కాలి కింద పట్టాలో పరిచి, స్టీరింగు నిటారుగా ఉంచి రెండో గేరులో మెల్లగా లాగాలి. గట్టి రోడ్డెక్కాక వేగంగా పోకుండా మొదటి పంక్చరు షాపులోనే గాలి నింపించుకోవాలి. తడి నల్లమట్టిలో ఈ ఉపాయం పనిచేయదు. అక్కడికి కారు తీసుకెళ్లకపోవడమే ఉపాయం.

నాగాయలంక దారి వేరు. అక్కడ నడక తక్కువ, పడవ ఎక్కువ. అవనిగడ్డ నుంచి పది పన్నెండు కిలోమీటర్లలో నాగాయలంక, ఏటి ఒడ్డున శ్రీరామపాదక్షేత్రం ఘాటు. కృష్ణ ఇక్కడ వెడల్పుగా, నింపాదిగా ఉంటుంది. మడ పాయల్లోకి, కిందికి లైట్‌హౌస్ వైపు వెళ్లాలంటే పడవే దారి. ఎదురుమొండి దీవి చూడాలంటే ఏటిమొగ అనే ఊరి దగ్గర పంటు పడవ ఎక్కాలి. అడవిని లోపలి నుంచి చూడాలనుకునేవాళ్లు హంసలదీవి కాదు, ఇదే ఎంచుకోవాలి. అభయారణ్యం లోపలికి అటవీ శాఖ అనుమతి కావాలి, అది ముందు రోజే అడిగి పెట్టుకోవాలి. పడవ మాట్లాడుకునేటప్పుడు మూడు విషయాలు తేల్చుకోండి: మొత్తం ఎన్ని గంటలు, ఎక్కడిదాకా, ఎంతమందికి లైఫ్ జాకెట్లు. జాకెట్ల లెక్క మనుషుల లెక్కకు తగ్గితే ఆ పడవ వద్దు. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే నీళ్లలో పడినప్పుడు అది పైకి జారిపోతుంది. తొడల కింద నుంచి తువ్వాలుతో కట్టడం లాంటివి చేయకుండా, పిల్లల కొలతది లేకపోతే పిల్లల్ని ఎక్కించకండి.

మడలోకి వెళ్లాక ఏం చూడాలో తెలియకపోతే అది ఒక పచ్చటి గోడ మాత్రమే. పడవను పాయ అంచున ఒక్క చెట్టు దగ్గర ఆపించండి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడినవి తెల్లమడ, నల్లమడ చెట్ల ఊపిరి వేళ్లు. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి వేరు పైకి తల ఎత్తి గాలి పీలుస్తుంది. తెల్లమడ ఆకును నాలికకు తాకించండి, ఉప్పగా ఉంటుంది. తాగిన ఉప్పును చెట్టు ఆకుల మీదుగా బయటికి పంపేస్తుంది, ఎండ పొద్దున దగ్గరగా చూస్తే పలుకులు మెరుస్తాయి. మడల్లోని పొన్న చెట్టుకు మునక్కాయల్లా పొడుగ్గా వేలాడేవి కాయలు కావు, చెట్టు మీదే మొలకెత్తిన మొక్కలు. కిందపడి నిలువుగా బురదలో గుచ్చుకున్నాయంటే అక్కడే వేరు పడుతుంది. పోటు మీద పడితే తేలుకుంటూ ఇంకో చోటికి పోతుంది.

తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోకండి. రాలే ముందు ఆకులు ఎర్రబడతాయి, చూడ్డానికి అందంగా ఉండి ఫొటో కోసం కొమ్మ వంచాలనిపిస్తుంది. విరిగిన చోట కారే తెల్లటి పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. పొరపాటున పడితే నలపకుండా వెంటనే తాగునీళ్లతో పదిహేను నిమిషాలు ఆపకుండా కడుగుతూ ఆస్పత్రికి వెళ్లాలి. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లండి, దాహానికి మాత్రమే కాదు, ఇలాంటి అవసరానికి కూడా.

చెప్పులు వేసుకుని బురదలో దిగితే చెప్పు బురదలోనే ఉండిపోతుంది, కాలొక్కటే పైకొస్తుంది. వట్టికాళ్లతో దిగితే గుల్లలు కోస్తాయి. వెనక పట్టీ ఉన్న శాండల్సో, పాత కాన్వాసు బూట్లో మంచివి.

ఈ అడవి విలువ దివిసీమ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన ఇక్కడ ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. వేలమంది పోయారు. ఆ తేదీ ఈ సీమలో ఇప్పటికీ ఏటా తలుచుకునే తేదీ. అలను ముందుగా మోసేది మడే. పడవ కట్టడానికని కొమ్మ నరకడం, గట్టున మంట పెట్టడం, ప్లాస్టిక్ వదిలేయడం, చట్టం ఒప్పుకోని పనులని పక్కన పెట్టినా, అక్కడి మనుషుల ముందు చేయదగ్గవి కావు.

ఏ చోటు ఎంచుకున్నా రోజును నిర్ణయించాల్సింది సెలవు కాదు, ఆటుపోట్లు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు. ప్రతి రోజూ వేళ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అంటే ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పోటు ఉందనుకుంటే బుధవారానికి పదిన్నర అవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, ఆటు లోతైనది. అష్టమి దరిదాపుల్లో రెండూ మెత్తబడతాయి. క్యాలెండరులో తిథి చూసుకుంటే ఈ మాత్రం ఎవరికైనా తెలుస్తుంది, గంటల లెక్కకు మచిలీపట్నం పోటు పట్టిక ఫోనులో చూసుకోవచ్చు. పట్టిక మొగ దగ్గరి లెక్క. పాయల్లో లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది, అందుకే పడవవాళ్ల మాటే ఆఖరు మాట.

దీన్ని వాడుకోవడం ఇలా. మడ పాయల్లో పడవకు, పోటు నిండడానికి రెండు గంటల ముందు బయల్దేరాలి. నీళ్లు పెరుగుతుంటే సన్న పాయల్లోకీ పడవ వెళ్తుంది, ఒకవేళ అడుగు తగిలినా కాసేపటికి నీరే లేపుతుంది. ఆటు మొదలయ్యాక లోపలికి వెళ్లి తట్టుకుంటే మళ్లీ పోటు వచ్చేదాకా, అంటే గంటల తరబడి బురదలోనే. ఊపిరి వేళ్లు, పీతల బొరియలు, బురద మీద మేసే పక్షులు చూడాలనుకుంటే మాత్రం ఆటు వేళ గట్టు మీద నుంచో, పెద్ద పాయలో పడవ నుంచో చూడాలి. హంసలదీవిలో ఇసుక నడకకూ ఆటు వేళే మంచిది. తడి ఇసుక గట్టిగా ఉండి కాళ్లు పట్టవు. సూర్యలంక, వాడరేవుల్లో స్నానానికి అష్టమి దరిదాపు రోజులు, పోటు వస్తున్న వేళ మేలు. ఆటు జోరుగా లాగుతున్నప్పుడు దిగవద్దు.

ఈ లాగుడు సంగతి అందరికీ తెలిసి ఉండాలి. బాపట్ల, చీరాల తీరంలో మునక ప్రమాదాలు జరిగినప్పుడల్లా పోలీసులు కొన్నాళ్లు బీచ్‌లు మూసేస్తుంటారు. పోయేది ఎక్కువగా కుర్రాళ్లే, ఈత వచ్చినవాళ్లు కూడా. కారణం ఒడ్డుకు వచ్చిన నీళ్లు తిరిగి వెళ్లే దారి. అలలు ఇసుక తిన్నెల మీద విరుగుతాయి. తిన్నెల మధ్య గుంట ఉన్నచోట నీళ్లు కాలువలా లోపలికి ప్రవహిస్తాయి. ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు చూస్తే దొరుకుతుంది: రెండు పక్కలా తెల్లగా నురగ విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ నురగ లేకుండా, కాస్త మట్టిరంగులో, ప్రశాంతంగా కనిపిస్తుంది. అలలు లేవు కదా అని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. దింపకూడని చోటు అదే.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదడం మానేయాలి. ఆ నీటికి ఎదురీది గెలవడం కష్టం, అలసిపోతారు. వెల్లకిలా తేలి ఊపిరి నిలుపుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. పట్టీ వెడల్పు తక్కువే. నురగ విరిగే చోటికి చేరాక అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు దూకకూడదు. ఒకరి కోసం నలుగురు పోవడం ఇలాగే జరుగుతోంది. మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల నీళ్ల డబ్బా, గాలి నింపిన ట్యూబు, తాడు, ఏది దొరికితే అది విసరాలి, మత్స్యకారుల్ని కేకేయాలి. భోజనం డబ్బాలతో పాటు పది మీటర్ల నైలాను తాడు ఒకటి కారులో వేసుకోండి. దిగబడిన కారుకూ పనికొస్తుంది. మందు తాగినవాళ్లను నీళ్ల దాకా రానివ్వకండి. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

కాలం విషయానికి వస్తే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్ని చోట్లకీ మంచిది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. మచిలీపట్నం, నిజాంపట్నం, వాడరేవు ఓడరేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వింటే, ఎన్నో నంబరని ఆరా తీయకుండా ప్రయాణం మానుకోవాలి. ఎండగా ఉన్న రోజున కూడా సముద్రం పొంగొచ్చు. పెద్ద అలల హెచ్చరికలు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది, బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఒకసారి చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరపడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి నిజాంపట్నం, వాడరేవు రేవులు బోసిపోతాయి. తాజా చేప కోసం వెళ్లేవాళ్లు ఆ రెండు నెలలూ వదిలేయాలి. అప్పుడు ఎండ కూడా తొమ్మిదిన్నరకే మాడుస్తుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో ఆకర్షణ ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి, ఒక్కో గూటికి వంద దాకా. ఒకటిన్నర, రెండు నెలలకు పిల్లలు. అటవీ శాఖ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగిస్తుంది, పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు చూడొచ్చు. మార్చి, ఏప్రిల్లో దివిసీమకు వెళ్లేవాళ్లు ముందే అటవీ సిబ్బందిని అడిగితే తెల్లవారుజామున ఆ భాగ్యం దక్కొచ్చు. పిల్లల్ని చేతిలోకి తీసుకోవద్దు, ఫోను లైటు వేయవద్దు. వెలుతురు ఎటుంటే అటే సముద్రమనుకుని పాకుతాయి అవి.

ఇక ఎవరికి ఏది. చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే సూర్యలంక, వారం మధ్యలో, పొద్దున. రాత్రి బస, చేపల కూర, స్నేహితులు అంటే వాడరేవు–రామాపురం. విజయవాడ నుంచి ఒక్క పూట, గుడీ మిఠాయీ కలిసి రావాలంటే మంగినపూడి, స్నానం మీద ఆశ పెట్టుకోకుండా. పదేళ్లు దాటిన పిల్లలతో, అడవి అంటే ఏమిటో చూపించాలని ఉంటే నాగాయలంక, పోటు చూసుకుని. నడవగలిగినవాళ్లు, ఏరు సముద్రంలో కలిసే చోట నిశ్శబ్దంగా నిలబడాలనుకునేవాళ్లు హంసలదీవి. మా మనసు నాగాయలంక వైపే మొగ్గుతుంది. ఇసుక తీరం దేశమంతా ఉంది, ఇంటికి మూడు గంటల్లో ఇంత మడ ఎన్ని ఊళ్లకు ఉంది?

దివిసీమకు రెండు రోజులు కేటాయించగలిగితే అవనిగడ్డలో బస చేయండి. మొదటి రోజు వస్తూ దారిలో ఘంటసాల బౌద్ధ స్తూపమో, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడో, సాయంత్రం నాగాయలంక ఘాటు. రెండో రోజు పోటు వేళను బట్టి పడవో, హంసలదీవో ఏది ముందో నిర్ణయించుకోవచ్చు. గుంటూరు వాళ్లు ఒక వైపు రేపల్లె మీదుగా వచ్చి, తిరుగు ప్రయాణంలో 216వ జాతీయ రహదారి పట్టుకుని బాపట్ల మీదుగా వెళ్తే సూర్యలంకలో స్నానం కూడా అవుతుంది. మడా ఇసుకా ఒకే ప్రయాణంలో కావాలంటే ఇదే సరైన దారి, ఇదే వరుసలో. ముందు బురద, తర్వాత స్నానం.

పెట్రోలు అవనిగడ్డలోనే నింపుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి. మండపీతలు కొంటే కాళ్లు కట్టినవే తీసుకుని, తడి గోనెలో చుట్టి నీడలో ఉంచాలి. నీళ్ల బకెట్లో మూతపెట్టి తెస్తే ఇంటికి చేరేలోపే చచ్చిపోతాయి, చచ్చిన పీత వండుకోదగ్గది కాదు. ఇంటికి రాగానే కారు అడుగు భాగం, బైకు గొలుసు మంచినీళ్లతో కడిగించండి. ఉప్పు బురద వారం రోజులు ఉంటే తుప్పు మొదలవుతుంది.